పొట్టు చల్లి ప్రాణం కాచుకునే యుద్ధ విమానం

సంగారెడ్డి: పటాన్‌చెరు, జిన్నారం వైపు పొలాల్లో పని చేసుకునే వారికి విమానం చప్పుడు కొత్త కాదు. దుండిగల్‌లో వైమానిక దళ అకాడమీ ఉంది. అక్కడ శిక్షణ పొందే కుర్రవాళ్ల విమానాలు ఆకాశంలో చక్కర్లు కొడుతుంటాయి. నాట్లు వేసే ఆడవాళ్లు ఒక్క క్షణం నడుం ఎత్తి చూసి మళ్లీ పనిలో పడతారు. విమానం అంటే రెక్కలు, ఇంజను; యుద్ధ విమానమైతే వాటికి తోడు బాంబులు, తుపాకులు. మనలో చాలామందికి తెలిసింది ఇంతే.

కాని యుద్ధానికి వెళ్లే జెట్ విమానం ఖరీదులో పెద్ద భాగం కంటికి కనిపించని సరంజామాకే పోతుంది. శత్రువు తనను చూస్తున్నాడా లేదా అని పసిగట్టే చెవులు కావాలి. తోటి విమానాలతోనూ, కింద ఉన్న వారితోనూ మాట్లాడే నోరు కావాలి. "నేను మీవాణ్ణే, కాల్చకండి" అని చెప్పుకునే గుర్తు కావాలి. క్షిపణి మీదికి వస్తే చల్లడానికి ఇంత పొట్టు, ఇంత నిప్పు కావాలి. దుండిగల్ శిక్షణ విమానాల్లో ఈ సరంజామా ఉండదు. సరిహద్దులకు వెళ్లే మిగ్, సుఖోయ్, తేజస్ లాంటి వాటిలో ఉంటుంది. వాటి తయారీతో హైదరాబాదు చుట్టుపక్కల కర్మాగారాలకు గట్టి సంబంధమే ఉంది. ఆ సంగతి చాలామందికి తెలియదు.

చీకట్లో టార్చి లైటు

ముందుగా చెవుల సంగతి. రాడార్ అంటే రేడియో అలలను ఆకాశంలోకి విసిరి, అవి దేనికైనా తగిలి తిరిగి వస్తే అక్కడ ఏదో ఉందని కనిపెట్టే యంత్రం. బావిలోకి కేక వేస్తే ప్రతిధ్వని వచ్చినట్లన్న మాట. ఇందులో ఒక చిక్కు ఉంది. చీకటి రాత్రి జొన్న చేను కావలికి వెళ్లిన మనిషి టార్చి లైటు వేశాడనుకోండి. వంద గజాల దూరంలో ఉన్న అడవి పందిని అతను చూడగలడు. కాని అతని లైటు మైలు దూరంలో ఉన్న వాడికి కూడా కనిపిస్తుంది. ఎందుకంటే లైటు వెలుతురు పంది దాకా వెళ్లి, దాని ఒంటి మీద పడి చెదిరి, అందులో ఏ కాస్తో వెనక్కి రావాలి. మైలు దూరంలో ఉన్న వాడి కంట్లోకి మాత్రం అది నేరుగా వచ్చి పడుతుంది.

రాడార్‌కూ ఇదే ఇబ్బంది. రాడార్ విమానాన్ని చూడడానికి ముందే విమానం రాడార్‌ను వినగలదు. ఇందుకోసం రెక్కల చివర, తోక మీద చిన్న చిన్న ఏంటెనాలు అమర్చుతారు. వాటికి అందిన అలలను బట్టి ఏ దిక్కు నుంచి ఎలాంటి రాడార్ చూస్తున్నదో పైలట్ ముందున్న చిన్న తెర మీద గుర్తు పడుతుంది, చెవిలో ఒక కూత వినిపిస్తుంది. దీన్నే రాడార్ వార్నింగ్ రిసీవర్ అంటారు. టార్చి లైటు అటూ ఇటూ తిరుగుతుంటే కావలి మనిషి ఊరికే వెతుకుతున్నాడని అర్థం. ఒక్క చోటే నిలిచిపోయిందంటే మనల్ని చూసేశాడని అర్థం. అలాగే రాడార్ అల అప్పుడప్పుడు తగిలి పోతుంటే అది వెతుకుతున్నట్లు. విడవకుండా తగులుతుంటే క్షిపణి వదలడానికి గురి పెట్టినట్లు. అప్పుడు చెవిలో కూత తీరు మారిపోతుంది. ఆ మారిన కూత విన్న పైలట్‌కు మిగిలేవి సెకన్లే.

బెంగుళూరులోని రక్షణ పరిశోధన సంస్థ వారి ప్రయోగశాల ఈ పరికరాన్ని "తరంగ్" అనే పేరుతో మన దేశంలోనే రూపొందించింది. దాన్ని భారత్ ఎలక్ట్రానిక్స్ తయారు చేసింది. మిగ్-21 బైసన్ లోనూ, సుఖోయ్-30 లోనూ ఇదే అమర్చారు.

వినిపించని కూత

చెవులు ఉన్నంత మాత్రాన సరిపోదు. విన్నది ఏమిటో తెలియాలి. ఊళ్లో ముసలాయన ఇంట్లో కూర్చునే హారన్ విని ఏ బస్సు వచ్చిందో చెబుతాడు. అతని బుర్రలో ఆ హారన్లన్నీ ఉన్నాయి కాబట్టి చెప్పగలడు. కొత్త బస్సు వస్తే తెల్లమొహం వేస్తాడు. విమానం చెవికి కూడా ఇలాంటి జాబితా ఒకటి ముందే ఎక్కించాలి. ఫలానా రకం అల ఫలానా క్షిపణిది, ఫలానాది ప్రయాణికుల విమానాశ్రయానిది అని. జాబితాలో లేనిది ఎదురైతే ప్రమాదమే.

1973 అక్టోబరులో అరబ్బులకు, ఇజ్రాయెల్‌కు జరిగిన యుద్ధంలో ఇదే జరిగింది. ఈజిప్టు, సిరియా దేశాల దగ్గర రష్యా వారి సామ్-6 అనే కొత్త క్షిపణులు ఉన్నాయి. పాత క్షిపణుల రాడార్లు అలలను తునకలు తునకలుగా పంపేవి. సామ్-6ను నడిపించే రాడార్ తెగని ధారలాగా పంపేది. ఇజ్రాయెల్ విమానాల్లోని హెచ్చరిక పరికరాలు ఆ ధారను పట్టలేకపోయాయి. పైలట్ చెవిలో ఏ కూతా వినిపించేది కాదు. క్షిపణి వచ్చి తగిలేది. మూడు వారాలు కూడా నిండని ఆ యుద్ధంలో ఇజ్రాయెల్ వంద దాకా విమానాలు పోగొట్టుకుంది. అన్నీ సామ్-6 వల్లనే కాకపోయినా, అది కొట్టిన దెబ్బ పెద్దది.

ఆ తరువాతనే అన్ని దేశాలూ శాంతి కాలంలో కూడా పొరుగువాడి రాడార్ల అలలను విని రాసి పెట్టుకునే పనిని మరింత గట్టిగా పట్టాయి. జాబితా సొంతంగా రాసుకోవాలన్నా, రాత్రికి రాత్రి మార్చుకోవాలన్నా పరికరం లోపలి గుట్టు మన చేతిలో ఉండాలి. విదేశాల వారు యంత్రాన్ని అమ్ముతారు కాని గుట్టు అంత తేలికగా అమ్మరు. హైదరాబాదు చాంద్రాయణగుట్ట దగ్గర 1960ల తొలినాళ్ల నుంచి నడుస్తున్న డి.ఎల్.ఆర్.ఎల్. ప్రయోగశాల ఉన్నది ఈ ఎలక్ట్రానిక్ యుద్ధ విద్య కోసమే. ఇంతటి సంస్థ మన పక్కనే ఉన్నా, దాని గోడ పక్క నుంచి రోజూ వెళ్లే వారికి కూడా లోపల ఏం జరుగుతుందో తెలియదు. తెలియకపోవడమే మంచిదేమో!

కళ్లంలో పొట్టు, ఆకాశంలో పొట్టు

కూత వినిపించింది. ఇప్పుడేం చేయాలి? ఇక్కడే పొట్టు వస్తుంది. ఇంగ్లీషులో దీన్ని చాఫ్ అంటారు. ఆ మాటకు అర్థం వడ్ల పొట్టు, ఊక అనే. కళ్లంలో తూర్పార పట్టేటప్పుడు గింజ కింద పడుతుంది, పొట్టు గాలికి లేచి మబ్బులా కమ్ముకుంటుంది. ఆ మబ్బు అవతల ఉన్న మనిషి కనిపించడు. విమానం కూడా సరిగ్గా ఇలాంటి మబ్బునే లేపి దాని మాటున తప్పుకుంటుంది. కాకపోతే ఈ పొట్టు లోహం పూత పూసినది. రాడార్ అలలు దానికి తగిలి, అక్కడేదో పెద్ద వస్తువు ఉన్నట్లు తిరిగి వెళతాయి.

దీని వెనుక ఒక కథ ఉంది. రెండవ ప్రపంచ యుద్ధంలో ఇంగ్లాండు శాస్త్రజ్ఞులు, ముఖ్యంగా జోన్ కరన్ అనే మహిళ, 1942లో దీన్ని తీర్చిదిద్దారు. జర్మనీ రాడార్ అల పొడవు సుమారు 53 సెంటీమీటర్లు. అందులో సగం, అంటే 27 సెంటీమీటర్ల పొడవు, రెండు సెంటీమీటర్ల వెడల్పుతో కాగితం ముక్కలు కత్తిరించి అల్యూమినియం పూత వేశారు. అల పొడవులో సగం ఉంటే ఆ ముక్క అలను బాగా తిప్పికొడుతుంది. కాగితం ముక్క, కాస్త లోహం - అంతే. చిన్న పిల్లలు గాలిపటానికి అంటించే తళుకు కాగితం లాంటిదే.

అంత సులువైన దాన్ని ఏడాదికి పైగా వాడకుండా దాచిపెట్టారు! మనం వాడితే జర్మన్లు చూసి నేర్చుకుని మన మీదనే చల్లుతారని భయం. విచిత్రమేమిటంటే అదే సమయంలో జర్మన్లు కూడా ఇదే కనిపెట్టి, ఇంగ్లీషు వారు నేర్చుకుంటారన్న భయంతో తాళం వేసి పెట్టారు. ఇద్దరి దగ్గరా ఉంది, ఇద్దరూ దాచారు. ఆ లోపల ఎందరు పైలట్లు పోయారో.

చివరికి 1943 జూలై 24 రాత్రి హాంబర్గ్ నగరం మీదికి 791 ఇంగ్లీషు బాంబర్లు వెళ్లి దారి పొడవునా ఈ కాగితాలు కుమ్మరించాయి. జర్మన్ రాడార్ తెరల మీద వేలకు వేల విమానాలు వచ్చినట్లు కనిపించి, అసలు ఏదో నకిలీ ఏదో తేలక ఫిరంగులు ఆకాశం వైపు గుడ్డిగా పేలాయి. అంతకు ముందు దాడుల లెక్క చూస్తే నలభైకి పైగా విమానాలు కూలాల్సింది. ఆ రాత్రి కూలినవి 12. అయితే ఆ కాగితం ముక్కల చాటున జరిగిన వరుస దాడుల్లో హాంబర్గ్‌లో 30 వేలకు పైగా జనం కాలిపోయారన్నది కూడా ఇక్కడే చెప్పాలి.

ఇప్పటి పొట్టు కాగితం కాదు. వెంట్రుక కంటే సన్నని గాజు నూలుకు అల్యూమినియం పూత పూసినది. అనేక పొడవుల్లో కత్తిరించి గొట్టాల్లో కూరుతారు. మీట నొక్కగానే గొట్టం పేలి లక్షల నూలు పోగులు గాలిలో విచ్చుకుంటాయి. మన దేశంలో జోధ్‌పూర్, పూణె ప్రయోగశాలలు కలిసి వైమానిక దళానికి కావలసిన చాఫ్‌ను తయారు చేసినట్లు 2021 ఆగస్టులో ప్రకటించారు. అయితే కొత్త రాడార్లు గడుసువి. పొట్టు చల్లిన చోటే నిలిచిపోతుందని, విమానం దూసుకుపోతుందని వాటికి తెలుసు. దగ్గరికి వచ్చే దాన్నో, దూరంగా పోయే దాన్నో మాత్రమే పట్టుకుంటాయి. అందుకే పైలట్ పొట్టు చల్లి వెంటనే రాడార్‌కు అడ్డంగా తిరుగుతాడు. దగ్గరికీ రాక, దూరమూ పోక అడ్డంగా పోయే విమానం కాసేపు ఆ పొట్టులో కలిసిపోతుంది.

కార్గిల్ చెప్పిన పాఠం

రాడార్‌తో పని లేని క్షిపణులు కూడా ఉన్నాయి. అవి ఇంజను వేడిని వాసన పట్టి వస్తాయి. మనిషి భుజాన పెట్టుకుని కాల్చే స్టింగర్ ఆ రకం. నాలుగు కిలోమీటర్ల దూరాన్ని అది ఐదారు సెకన్లలో దాటేస్తుంది. రాడార్ అల ఏదీ ఉండదు కాబట్టి ముందు చెప్పిన చెవికి ఏమీ వినిపించదు. దీనికి విరుగుడు నిప్పు. మెగ్నీషియం కలిసిన ముద్దలను వరుసగా వదిలితే అవి ఇంజను కంటే ఎక్కువ వేడితో మండుతాయి. క్షిపణి వాటి వెంట పడిపోతుంది. వీటిని ఫ్లేర్లు అంటారు. టీవీలో విమానాల వెనుక మతాబుల్లా రాలేవి ఇవే. చూడడానికి వేడుకగా ఉంటాయి కాని వాటి అసలు పని వేడుక కాదు.

1999 మే 21న కార్గిల్ కొండల మీద ఫోటోలు తీయడానికి వెళ్లిన మన కాన్‌బెర్రా విమానానికి స్టింగర్ తగిలింది. ఒక్క ఇంజనుతో అది ఎలాగో తిరిగి వచ్చింది. 27న స్క్వాడ్రన్ లీడర్ అజయ్ ఆహుజా నడుపుతున్న మిగ్-21ను క్షిపణి కూల్చింది. ఇంజను ఆగిపోయి కూలిన తోటి పైలట్ నచికేత జాడ వెతుకుతూ ఆయన అక్కడే తిరిగారు, ప్రాణం కోల్పోయారు. మర్నాడు, 28న, ఒక ఎం.ఐ.-17 హెలికాప్టర్ కూలి నలుగురూ చనిపోయారు. ఆ హెలికాప్టర్‌లో ఫ్లేర్లు వదిలే పరికరం లేదు. ఆ తరువాత మన విమానాలు క్షిపణికి అందనంత ఎత్తు నుంచి దాడి చేయడం మొదలుపెట్టాయి.

ఈ పొట్టును, నిప్పును సమయం చూసి విడుదల చేసే పరికరం ఇప్పుడు హైదరాబాదులో తయారవుతున్నది. 1970లో కంచన్‌బాగ్‌లో మొదలైన భారత్ డైనమిక్స్ దాన్ని చేస్తున్నది. ఆ సంస్థ కర్మాగారం ఒకటి మన జిల్లాలోనే భానూరులో ఉంది. భారత్ డైనమిక్స్ అంటే క్షిపణులు తయారు చేసే చోటని అందరికీ తెలుసు. క్షిపణి నుంచి తప్పించుకునే సాధనం కూడా ఆ ఇంటిదే. విమానం మోసే గొట్టాల సంఖ్య తక్కువ. తొందరపడి ముందే చల్లేస్తే అసలు సమయానికి చేతులు ఖాళీ. అందుకే ఎప్పుడు, ఎన్ని వదలాలో లెక్క కట్టే పని యంత్రానికి అప్పగించారు.

వీటికి తోడు జామర్ అని మరొకటి ఉంది. శత్రువు రాడార్ మీద తప్పుడు అలలు కుమ్మరించి దాన్ని మభ్యపెడుతుంది. జాతరలో మైకు పెట్టి పక్కవాడి మాట వినపడకుండా చేసినట్లు. కాని అరిచేవాడు ఎక్కడున్నాడో అందరికీ తెలుస్తుంది కదా! అరుపు వెంటే వచ్చే క్షిపణులు కూడా పుట్టాయి. 2025 సెప్టెంబరు 25న 97 తేజస్ విమానాల కోసం 62,370 కోట్ల రూపాయల ఒప్పందం కుదిరింది. వాటిలో ఈ రక్షణ సరంజామా అంతటినీ కలిపి "స్వయం రక్షా కవచ్" అని పేరు పెట్టి అమర్చనున్నారు. పేరు మాత్రం బాగుంది.

మాట చేరకపోతే

ఇక నోటి సంగతి. యుద్ధ విమానం రేడియో మామూలు రేడియో లాంటిదే అయితే శత్రువు అదే స్టేషన్ పెట్టుకుని వినవచ్చు, లేదా అదే స్టేషన్ మీద రొద పెట్టి మాట వినపడకుండా చేయవచ్చు. దీనికి ఉపాయం, సెకనులో ఎన్నోసార్లు స్టేషన్ మార్చేయడం. మాట్లాడే రేడియో, వినే రేడియో రెండూ ముందే అనుకున్న వరుసలో ఒక్కసారే గెంతుతుంటాయి. వరుస తెలియని వాడికి గరగర తప్ప ఏమీ వినపడదు. ఈ ఊహను పేటెంటు చేయించిన వారిలో ఒకరు సినిమా తార అంటే నమ్మగలరా? హాలీవుడ్ నటి హెడీ లామార్, సంగీతకారుడు జార్జ్ యాంథీల్ కలిసి 1942 ఆగస్టులో అమెరికాలో పేటెంటు పొందారు. పియానోకు 88 మెట్లు. వారి పథకంలో కూడా 88 స్టేషన్లే. అప్పట్లో అమెరికా నౌకాదళం దాన్ని వాడుకోలేదు.

2019 ఫిబ్రవరి 27 ఉదయం కాశ్మీర్ ఆకాశంలో పాకిస్తాన్ విమానాలతో తలపడిన వింగ్ కమాండర్ అభినందన్ సంగతి తెలియని ఊరు లేదు. వెనక్కి తిరగమని కింద నుంచి చెప్పిన మాట రేడియోను అడ్డుకోవడం వల్ల ఆయన మిగ్-21 బైసన్‌కు చేరలేదని అప్పట్లో పత్రికల్లో వచ్చింది. ఆయన విమానం కూలి అవతలి వారికి చిక్కారు. మార్చి 1న తిరిగి వచ్చారు. హైదరాబాదు బాలానగర్‌లో హిందూస్థాన్ ఏరోనాటిక్స్ విభాగం 1965 నుంచి చేస్తున్న పని విమానాలకు రేడియోలు తయారు చేయడమే. మనవాడా, పగవాడా అని గుర్తుపట్టే పెట్టె కూడా అక్కడ చేస్తారు.

ఎవరది?

ఆ పెట్టె గురించి చెప్పకుండా ఈ వ్యాసం ముగించలేం. రాత్రి పూట పొలిమేరలో అలికిడి అయితే "ఎవరది?" అని అడుగుతాం. "నేనే" అని తెలిసిన గొంతు వినిపిస్తే కర్ర దించుతాం. రాడార్ తెర మీద కనిపించేది ఒక చుక్క. అది మనదో వాళ్లదో చుక్కను చూసి చెప్పలేం. అందుకని కింద నుంచి రహస్య సంకేతంతో ప్రశ్న వెళుతుంది. విమానంలోని పెట్టె పైలట్ ప్రమేయం లేకుండానే రహస్య సంకేతంతో జవాబు చెబుతుంది. సంకేతాలను తరచుగా మారుస్తుంటారు. జవాబు రాకపోతే అనుమానమే.

ఇది లేని రోజుల్లో ఏం జరిగిందో ఇంగ్లాండు వారు మరచిపోలేదు. రెండవ ప్రపంచ యుద్ధంలోకి ఆ దేశం దిగిన మూడు రోజులకే, 1939 సెప్టెంబరు 6న, శత్రు విమానాలు వస్తున్నాయన్న తప్పుడు కబురుతో లేచిన స్పిట్‌ఫైర్ విమానాలు తమ సొంత హరికేన్ విమానాలు రెండింటిని కూల్చేశాయి. ఒక కుర్ర పైలట్ చనిపోయాడు. ఈ పెట్టెను అన్ని విమానాల్లోనూ వెంటనే అమర్చాలన్న తొందర ఆ తరువాత మరింత పెరిగింది.

ఎనభై ఏళ్ల తరువాత మన దగ్గర పెట్టె లేకపోలేదు. అభినందన్ విమానం కూలిన ఆ ఫిబ్రవరి 27 ఉదయమే శ్రీనగర్ నుంచి ఒక ఎం.ఐ.-17 హెలికాప్టర్ గాలిలోకి లేచింది. సరిహద్దులో జెట్ విమానాల పోరు జరుగుతోంది. కింద కావలి ఉన్న మన క్షిపణి దళం ఉద్విగ్నంగా ఉంది. తెర మీద ఒక చుక్క. మన క్షిపణే వెళ్లి ఆ హెలికాప్టర్‌కు తగిలింది. గుర్తింపు పెట్టెను కట్టేసి ఉంచారని, కింది వారికీ పైవారికీ మధ్య మాట సరిగా నడవలేదని విచారణలో తేలినట్లు తరువాత పత్రికలు రాశాయి. అది తమ పెద్ద పొరపాటని అప్పటి వైమానిక దళాధిపతి భదౌరియా 2019 అక్టోబరులో బహిరంగంగా ఒప్పుకున్నారు.

హెలికాప్టర్ బడ్గాం జిల్లాలో గరెండ్ కలాన్ అనే పల్లె పక్కన పొలాల్లో పడింది. అందులో ఉన్న వైమానిక దళ సిబ్బంది ఆరుగురూ చనిపోయారు. చనిపోయిన ఏడవ మనిషి వైమానిక దళానికి చెందినవాడు కాదు. కింద ఉన్న ఒక గ్రామస్థుడు.